పిలుపుల జానీబీ, రెండో మాత్ర

మా ప్రొద్దుటూరులో పెండ్లి కార్డు విలువ ఎంతో మా వీధి ముస్లిం ఆడవాళ్లను అడగాలి. మగవాళ్లకు కార్డు చాలు. ఆడవాళ్లకు చాలదు. బంగారు రంగు అక్షరాలతో అచ్చేయించి, కార్డుతో పాటు జీడిపప్పు డబ్బా ఇచ్చినా సరే, ఒక మనిషి గడప దాకా వచ్చి నోటితో పిలవకపోతే వాళ్లు పట్టుచీర మడత విప్పరు. అలా పిలవడానికి మా ఊళ్లో ఒక మనిషి ఉంది. పేరు జానీబీ. పిలుపుల జానీబీ అంటే మైదుకూరు రోడ్డు నుంచి జమ్మలమడుగు రోడ్డు దాకా ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

ఆ ఇల్లు మా పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు గోడ. నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. మాది చర్చి కుటుంబం, మా ఆయన యేసుబాబు కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పండగ ఏ పక్కదైనా గిన్నెలు మాత్రం గోడకు రెండు పక్కలా తిరుగుతుంటాయి. జానీబీ భర్త దావూద్ గ్యాస్ స్టవ్వులు బాగు చేసేవాడు, పోయి చాన్నాళ్లయింది. కొడుకు హఫీజ్ కువైట్‌లో డ్రైవర్. ఇంట్లో ఉండేది జానీబీ, జాకెట్లు కుట్టే కోడలు అఫ్సానా. ఆ కోడలు ఎంత నెమ్మదస్తురాలంటే కుట్టుమిషన్ చప్పుడే గానీ ఆమె గొంతు గోడ దాటి ఎన్నడూ వినపడదు.

పిలవడమంటే మాటలు కాదు. "ఇంటిల్లిపాదీ రావాల" అనే ఇల్లు వేరు, "ఆడోళ్లు రావాల" అనే ఇల్లు వేరు, "నువ్వొక్కదానివైనా రావాల" అనే ఇల్లు వేరు. ఒక ఇంట్లో చెప్పాల్సింది ఇంకో ఇంట్లో చెబితే వలీమా విందులో బిరియానీ చల్లారకముందే రెండు కుటుంబాలు జుట్లు పట్టుకుంటాయి. ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఎవరు ఎవరి పక్కన కూర్చోరు, ఏ ఇంట్లో చావు జరిగి ఇంకా నలభై రోజులు కాలేదు, అన్నీ జానీబీ తలలోనే ఉంటాయి. ఆమెకు చదువు రాదు. వచ్చి ఉంటే ఇంత గుర్తుండేది కాదంటుంది, అది కూడా నా మొహంలోకి చూస్తూ అంటుంది.

ఇంకో సంగతి. పిలుపు విన్న ఇల్లాలు లోపలికి పోయి చిటికెడు చక్కెర తెచ్చి జానీబీ నోట్లో వేస్తుంది. నోరు తీపి చేయడమంటారు. చక్కెర వేశారంటే పిలుపు అందింది, వస్తాం అని. వేయలేదంటే రామని. కాబట్టి ఒక పెండ్లి అయ్యేసరికి ఈమె ఎంత చక్కెర తిని ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

అలాంటి మనిషికి షుగర్ వచ్చింది. దేవుడికి కూడా అప్పుడప్పుడు వేళాకోళం ఎక్కువవుతుందని నేనంటే మా ఆయన కోప్పడతాడు.

డాక్టరమ్మ మాత్రలు రాసింది, చక్కెర మానేయమంది. మానేస్తే పిలుపులుండవు. పిలుపులు లేకపోతే జానీబీ అంటే ఎవరు? ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పకుండా "సరేమ్మా" అని తలూపి వచ్చేసింది. ఇలా కొన్నేండ్లు గడిచాయి. రక్తపరీక్ష చేసినప్పుడల్లా డాక్టరమ్మ కళ్లు పెద్దవి చేసేది. ఈమె నేల చూసేది.

తర్వాత మరుపు మొదలైంది. పెద్దదేమీ కాదు. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయేది. అఫ్సానాను తన చెల్లెలి పేరుతో పిలిచేది. మనందరికీ జరిగేదే. నేను కళ్లజోడు తల మీద పెట్టుకుని స్టాఫ్ రూమంతా వెతికిన దాన్ని. కానీ జానీబీకి అది నవ్వులాట కాదు. వాళ్లమ్మ చివరి రోజుల్లో కన్నకూతుర్నే "ఎవరు మే నువ్వు, ఎవరింటి దానివి" అని అడిగిందట. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోతుంది. పిలుపుల మనిషికి పేర్లు పోతే మిగిలేది ఏముంటుందని ఆమె భయం. అది ఒట్టి భయమని నేను కొట్టిపారేయలేకపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున గోడ దగ్గర అడిగాను, మాత్ర వేసుకున్నావా అని.

"మానేసినా జ్యోతమ్మా," అంది చల్లగా. "షుగర్ మాత్రలు మింగితే మెదడు ఎండిపోతాదంట. కూరగాయల అంగట్లో అంటాండారు. అందుకేనేమో నాకు మతిమరుపు."

నాకు ఒళ్లు మండింది. "కూరగాయల అంగట్లో వంకాయలు కొనుక్కోని రావాల గానీ వైద్యం కొనుక్కోని వస్తే ఎట్లక్కా? పో, పోయి మాత్ర యేసుకో."

నేను గోడ దగ్గర నిలబడి చూస్తుండగానే మింగింది. అక్కడితో ఆ గొడవ తీరిందనుకున్నాను. కొన్ని నెలలకు కువైట్ నుంచి హఫీజ్ ఒక వీడియో పంపాడు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన అందులో చెప్తున్నాడు: షుగర్‌కు వాడే కొన్ని మందులు మెదడులోని సన్నటి రక్తనాళాలకు కూడా మేలు చేయొచ్చని పరిశోధనల్లో కనిపిస్తోందట. ఆ నాళాలు బాగుంటే జ్ఞాపకం బాగుంటుందట. ఇంకా పరీక్షించాల్సింది ఉంది, డాక్టర్ని అడక్కుండా ఏదీ చేయొద్దు అని కూడా చివర్లో చెప్పాడు. కానీ అప్పటికే జానీబీ ఫోన్ అఫ్సానా చేతిలో పెట్టేసింది. కావలసింది వినేసింది కదా.

ఆ రోజు నుంచి పిలుపులకు పోయే రోజుల్లో ఆమె మాత్రలు రెండు మింగడం మొదలుపెట్టింది. తిన్న చక్కెరకు ఒకటి, జ్ఞాపకానికి ఒకటి. ఇది ఎవరికీ చెప్పలేదు.

చెప్పనిది ఆమె ఒక్కతే కాదు. అఫ్సానా కూడా ఒక పని చేసింది. అత్తతో వాదించడం ఆమెకు చేతకాదు. అందుకని మందుల షాపులో దొరికే షుగర్ ఫ్రీ పొడి కొనుక్కొచ్చింది. చూడ్డానికి చక్కెర లాగే ఉంటుంది, తియ్యగానూ ఉంటుంది, ఒంటికి మాత్రం చక్కెర పట్టదు. దాన్ని చిన్న చిన్న పొట్లాలు కట్టి, అత్త పిలుపులకు బయల్దేరక ముందే ఇంటింటికీ చేర్చేది. ఊరి ఆడవాళ్లకు ఇది భలే నచ్చింది. అందరికీ జానీబీ అంటే ప్రేమ. పిలుపు కంటే ముందే పొట్లం రావడంతో ఎవరింట్లో పెండ్లో అందరికీ ముందే తెలిసిపోయేది. జానీబీ వచ్చి చెప్పేటప్పుడు మాత్రం అప్పుడే విన్నట్టు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. నాకు అఫ్సానా గోడ దగ్గర చెవిలో చెప్పింది. తెలివంటే నీదే అన్నాను.

చక్కెర తింటున్నాననుకుని అత్త రెండు మాత్రలు మింగుతోంది. అత్త ఒకటే మింగుతోందనుకుని కోడలు చక్కెర ఆపేసింది. ఇద్దరూ మంచే చేశారు. ఒకే ఇంట్లో, ఒకరికొకరు చెప్పుకోకుండా.

పోయిన ఏడు బట్టల వ్యాపారి సిరాజుద్దీన్ బిడ్డ రుక్సానాకు పెండ్లి కుదిరింది. వాళ్ల బంధువులు ప్రొద్దుటూరులో సగం, జమ్మలమడుగులో కొందరు, తల్లి తరఫు వాళ్లు పులివెందులలో. అన్ని పిలుపులూ జానీబీవే. ప్రొద్దుటూరు పిలుపులు కొంచెం తడబాటుతోనే అయినా గడిచిపోయాయి. జమ్మలమడుగుకు ఆటో మాట్లాడారు. ఆ రోజు రెండో శనివారం, నాకు సెలవు. మా పెద్దమ్మ అక్కడే ఉంటుంది, చూసి చాన్నాళ్లయింది. నేనూ ఎక్కాను. అఫ్సానా ముందురోజే బస్సులో పోయి పొట్లాలు పంచి వచ్చింది.

దారిలో నేను తెచ్చిన ఇడ్లీ పొట్లం విప్పి ఇచ్చాను. జానీబీ ముట్టలేదు.

"పిలుపులు అయిపోయేదాకా ముద్ద ముట్టను జ్యోతమ్మా. కడుపు నిండితే నోరు తిరగదు. పిలుపు బరువుగా వస్తాది."

"బరువుగా వస్తే ఏమి, బిరియానీ వద్దంటారా?"

నవ్వింది గానీ తినలేదు. ఆ ఇడ్లీలు నేనూ ఆటో ఆయనా తిన్నాం.

జమ్మలమడుగులో మొదటి ఇండ్లు బాగానే జరిగాయి. పెద్దమ్మ ఇల్లు అదే దారిలో ఇంకా ముందుకు ఉంది కాబట్టి నేనూ వెంట నడుస్తున్నాను. ఎండ ఎక్కింది. జానీబీ నడక కొంచెం తేడాగా ఉంది, తూలినట్టు. అడిగితే చెప్పులు అరిగాయంది. తర్వాతి ఇల్లు మాబున్నిది. సిరాజుద్దీన్ మేనత్త, ఆ కుటుంబానికంతా పెద్దదిక్కు. మాబున్ని గడప లోపల కుర్చీలో కూర్చుని ఉంది, వెనక కోడళ్లు. జానీబీ తల మీద కొంగు సర్దుకుని, సలాం చేసి, గొంతు సవరించుకుంది.

"వచ్చే బేస్తవారం దావూద్ సాబుకూ నాకూ నిఖా. మీరు ఇంటిల్లిపాదీ రావాల."

ముందు కోడళ్లు నవ్వారు. పోయిన మొగుడి పేరెత్తి ముసలామె పరాచికాలాడుతోందనుకున్నారు. మాబున్ని మాత్రం నవ్వలేదు. నేను జానీబీ మొహం చూశాను. చెమట ధారగా కారుతోంది. పెదాలు తడబడుతున్నాయి. కళ్లు మా మీద ఉన్నా మమ్మల్ని చూడటం లేదు. పాపం, మాబున్ని చెయ్యి అలవాటు కొద్దీ పొట్లంలోకి పోయి ఆ పొడి చిటికెడు తీసి ఆమె నోట్లో వేసింది. అదే అసలు చక్కెర అయి ఉంటే జానీబీ అక్కడే కొంత తేరుకునేదని తర్వాత తెలిసింది. అది అసలు చక్కెర కాదు. ఆమె గడప మీదే కూలబడింది.

"పక్షవాతం," అన్నారెవరో. "పావురం నెత్తురు రుద్దాల, పోయి పావురాన్ని పట్టుకోని రాండి," అన్నారింకెవరో.

"పావురాల జోలికి పోతే మర్యాదుండదు," అని అరిచాను. "ఆటో పిలవండి ముందు." బడిలో పిల్లల మీద కూడా అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు. దారంతా ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని నేను చేసిన ప్రార్థనలో మాటలు కూడా సరిగా లేవు.

ఆసుపత్రిలో నర్సు ముందు చేసింది వేలు పొడవడం. మిషన్ చూసి, "షుగర్ బాగా పడిపోయింది," అంటూనే గ్లూకోజు ఎక్కించింది. కాసేపటికి జానీబీ కళ్లు తెరిచింది. నన్ను చూసింది, సీసా చూసింది.

"ఇంగ ఎన్ని ఇండ్లుండాయి?" అంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె అడిగితే మాబున్ని ఇంట్లో ఏమందో చెప్పక తప్పలేదు. విని గోడ వైపు తిరిగి పడుకుంది. అటు తిరిగే అంది, "మా అమ్మ గూడా ఇట్లనే మొదలుపెట్టింది."

మర్నాడు ప్రొద్దుటూరులో స్కాన్ తీయించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం. డాక్టరమ్మ కోపం ఊరందరికీ తెలుసు. మాత్రలు ఎన్ని వేసుకున్నావంది. జానీబీ రెండు వేళ్లు చూపింది. ఎందుకు రెండంది. చక్కెర తింటాను కదా, దానికొకటి, గ్యాపకానికొకటి అని చెప్పింది. ఏ చక్కెర అంది డాక్టరమ్మ. అప్పుడు మూల నుంచి అఫ్సానా సన్నగా అంది, "అది చక్కెర కాదమ్మా."

అత్తా కోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. డాక్టరమ్మ ఇద్దరినీ చూసి తల పట్టుకుంది. తిడుతుందనుకున్నాను గానీ నవ్వేసింది. ఆ తర్వాత మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని నిదానంగా చెప్పింది.

"పులివెందుల పక్క చీనీకాయల తోటల్లో డ్రిప్ పైపులు చూసినావు గదా జానమ్మా? ఉప్పునీళ్లు ఏండ్ల తరబడి పారితే సన్న రంధ్రాలు పూడిపోతాయి. షుగర్ ఎక్కువుంటే మెదడులో సన్న నాళాలకు అయ్యేది అదే. ఇదిగో, స్కాన్‌లో ఈ చుక్కలు పాతవి, అట్ల పూడినవే. నీళ్లే ఆపేస్తే? చెట్టు ఆ పొద్దే వాలిపోతాది. నిన్న జరిగింది అది."

"మాత్రలు మెదడుకు మంచివని ఫోన్లో చెప్పినారు," అంది జానీబీ, పోట్లాటకు దిగినట్టు.

"కొన్ని రకాలు మంచి చేయొచ్చంటాండారు. చేయొచ్చు, అంతే. ఇంకా చూస్తాండారు. నువ్వు మింగేది ఆ రకం గూడా కాదు. రెండు మింగమని ఎవురూ చెప్పలేదు. షుగర్ పడిపోతే ఆ మెదడుకే దెబ్బ."

జానీబీ కొంగు వేలికి చుట్టుకుంటూ అడగాల్సింది అడిగింది. "నా గ్యాపకం ఉంటాదా, పోతాదా?"

"రాసియ్యలేను," అంది డాక్టరమ్మ. "ఉన్నదాన్ని కాపాడుకుందాం. పోయినదాన్ని తెచ్చేది నా చేతిలో లేదు."

మందు మార్చింది. ఇంత తొందరగా షుగర్ పడిపోనిది రాసింది. తినకుండా గడప దాటొద్దంది. వేలు పొడుచుకుని చూసుకునే మిషన్ కొనమంది. చక్కెర బదులు ఎండుకొబ్బరి ముక్క పెట్టమని మీ ఊరి ఆడవాళ్లకు చెప్పు, దొంగతనంగా కాదు, చాటింపేసి చెప్పు అని అఫ్సానాతో అంది.

సిరాజుద్దీన్ పండ్లు తీసుకుని ఇంటికొచ్చాడు. "నువ్వు పండుకో అక్కా. పులివెందులోళ్లకు వాట్సాప్‌లో పెడతాం," అన్నాడు. ఆయన మంచికే అన్నాడు.

"ఫోన్లో పిలిస్తే ఫోన్లోనే తింటారప్పా వాళ్లు," అంది జానీబీ.

తనే మళ్లీ బయల్దేరింది. ముందు జమ్మలమడుగు పోయి మాబున్ని గడప దగ్గర నిలబడి పిలుపు సరిచేసుకుంది. మాబున్ని పిలుపు పూర్తిగా విని, "మేం నీ పెండ్లికే తయారైనాం, ఇప్పుడు మారిస్తే ఎట్ల," అని కొబ్బరి ముక్క నోట్లో పెట్టిందట. జానీబీ ఆ ముక్క నములుతూ ఇంటికొచ్చి నాకు చెప్పింది. పొద్దున జొన్నరొట్టె తిని పోయింది, మాత్ర ఒకటే వేసుకుంది, ఒక్క పేరు కూడా తప్పిపోలేదు. ఇంతకుముందు జరిగిందంతా ఆ రెండో మాత్ర పనేనని తేల్చేసింది. తన తల తనకు తిరిగొచ్చినట్టు మొహం వెలిగిపోతోంది. నాకూ అలాగే అనిపించింది. ఆ రాత్రి వాళ్లింటికి గుడ్డుకూర పంపాను.

పులివెందులకు అఫ్సానా వెంట పోయింది. సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి వచ్చేసరికి నేను గోడ దగ్గర తులసాకులు తుంచుతున్నాను. అఫ్సానా తలొంచుకుని లోపలికి పోయింది. జానీబీ నా దగ్గరికి వచ్చింది.

"అయిపోయినాయా అక్కా?"

"అయిపోయినాయి." గోడ మీద చెయ్యి పెట్టి నిలబడింది. "రిహానా వాళ్లింట్లో నిలబడిపోయినా జ్యోతమ్మా. రుక్సానాకు సొంత పెద్దమ్మ గదా రిహానా, ముఖ్యమైన ఇల్లు. సలాం చేసినా. ప్రొద్దుటూరు సిరాజుద్దీన్ సాబు బిడ్డ అన్నా. బిడ్డ పేరు రాలా. ఎత్తుకోని తిప్పిన బిడ్డ. నోరు తెరుచుకోనే నిలబడినా. వెనక నుంచి అఫ్సానా మెల్లిగా అందిచ్చింది. నాకు చెప్పబుద్ది కాలా. దాన్నే ముందుకు లాగి, నువ్వే చెప్పు మే అన్నా."

"చెప్పిందా?"

"చెప్పింది. శానా బాగా చెప్పింది. అంత గొంతు దానికుందని నాకే తెలీదు."

"ఎండకు తిరిగినావు," అన్నాను. "షుగర్ తగ్గిందేమో."

"నేనూ అదే అనుకున్యా. బస్సెక్కినాక వేలు పొడుచుకోని చూసుకున్యా. చూసేముందు మొక్కుకున్యా, తక్కువ చూపిచ్చాల దేవుడా అని. తక్కువుంటే ఇంత తింటే పోతాది గదా." నా వైపు చూసింది. "సరిగ్గానే ఉండాది జ్యోతమ్మా. డాక్టరమ్మ చూస్తే మెచ్చుకుంటాది."

చేతిలోని తులసాకులు గోడ మీద పెట్టేశాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె ఏడవలేదు. లోపలికి చూసి కోడల్ని కేకేసింది. అఫ్సానా వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"రోజుకొక ఊరి ఇండ్లు చెప్తా, నేర్చుకో. ఈ పొద్దు సింహాద్రిపురం, విను. ఫరూఖ్ ఇంట్లో ఆడోళ్లను మాత్రమే పిలవాల, మగోళ్లకు సిరాజుద్దీన్‌తో మాటల్లేవు. దాని పక్కిల్లు ఇంటిల్లిపాదీ. ఎదురింట్లో ముసలమ్మకు చెవుడు, దగ్గరికి పోయి చెప్పాల. ఆ తర్వాత ఇల్లు..."

ఆగింది. అఫ్సానా కాచుకుంది. నేనూ కాచుకున్నాను. జానీబీ కళ్లు మూసుకుని పెదాలు కదిపింది, మళ్లీ తెరిచింది.

"దాన్ని రేపు చెప్తా," అని మాటల్లోనే తర్వాతి ఇంటికి పోయింది.